కిడ్నీకి ఒకటే ధమనా?

కిడ్నీ ఇవ్వడానికి ముందుకొచ్చిన తల్లులు తరచుగా అడుగుతుంటారు: "రక్తం గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ అయ్యాయి, మళ్లీ ఈ సి.టి. యాంజియోగ్రామ్ ఎందుకండీ?" ఖర్చు కూడా కదా, అడగడంలో తప్పులేదు.

పొట్టలోని పెద్ద ధమని నుండి ఒక్కో కిడ్నీకి ఒక్కో ధమని వెళ్తుందని పుస్తకాల్లో బొమ్మ ఉంటుంది. కాని సుమారు నలుగురిలో ఒకరికి ఏదో ఒక వైపు రెండు, అరుదుగా మూడు ఉంటాయి. ఇది జబ్బు కాదు. తల్లి గర్భంలో శిశువు కిడ్నీలు కటి భాగం నుండి పైకి జరిగేటప్పుడు కొత్త నాళాలు ఏర్పడి పాతవి మాయమవుతాయి. మాయం కావలసినది ఒక్కోసారి మిగిలిపోతుంది, అంతే.

అలాగని అది వృథా నాళమూ కాదు. కిడ్నీలో ఒక్కో భాగానికి ఒక్కో కొమ్మే ఆధారం. అది తెగితే పక్క కొమ్మ ఆదుకోదు, ఆ భాగం చచ్చిపోతుంది. కింది కొసకు వెళ్లే సన్నని నాళమైతే మూత్రనాళానికి కూడా రక్తమిస్తుంది. పొరపాటున దాన్ని తెంచితే, కిడ్నీ అమర్చిన తరువాత మూత్రం లీకు కావచ్చు.

సాధారణంగా సిర పొడవుగా ఉండే ఎడమ కిడ్నీనే తీస్తారు. అటు నాళాలు ఎక్కువుంటే కుడిదాని గురించి ఆలోచిస్తారు. రెండు ధమనులున్నంత మాత్రాన దానం ఆగిపోదు, వాటిని కలిపి కుట్టవచ్చు. రిపోర్టులో 'యాక్సెసరీ రీనల్ ఆర్టరీ' అని కనిపిస్తే కంగారుపడి ఇంటికి వెళ్లిపోకండి, సర్జన్ గారిని అడగండి.