కంపెనీ ప్రశ్నలు, క్లాసు పాఠాలు

ఇంటర్ కెమిస్ట్రీలో నైలాన్ 6,6 సమీకరణాన్ని మనలో చాలామందిమి బట్టీ పట్టి ఊరుకుంటాం. ఆ గొలుసుల లెక్క తేల్చిన పాల్ ఫ్లోరీ అనే ప్రొఫెసర్ మొదట కంపెనీ ఉద్యోగి.

1934లో అమెరికాలో పీహెచ్‌.డి. పూర్తికాగానే ఫ్లోరీ డ్యూపాంట్‌లో చేరి, నైలాన్ కనిపెట్టిన కరోథర్స్ దగ్గర పనిచేశారు. అణువు పొడవయ్యేకొద్దీ దాని కొసలకు చర్య జరిపే శక్తి తగ్గుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. ఫ్లోరీ కాదన్నారు. గొలుసు ఎంత పొడవున్నా కొస ఒకేలా పనిచేస్తుందన్నారు. అప్పుడు లెక్క తేలికైంది. నూటికి 90 కొసలు కలిస్తే సగటు గొలుసుకు 10 యూనిట్లే. 99 కలిస్తే 100! గట్టి దారం కావాలంటే ఆ చివరి తొమ్మిదే ముఖ్యం. ఏ పొడవు గొలుసులు ఎన్ని వస్తాయో సంభావ్యతతో చెప్పారు. (ప్రాబబిలిటీ ఎందుకని అడిగే తమ్ముళ్లూ, చూశారా?)

ఆ తర్వాత సిన్సినాటి విశ్వవిద్యాలయం, మళ్లీ రెండు కంపెనీల్లో రబ్బరు పరిశోధన.

ఇంటి పరిస్థితుల వల్ల డిగ్రీ కాగానే కంపెనీలో చేరిన మన సీనియర్లు చదువు అక్కడితో ఆగిపోయిందని బాధపడుతుంటారు. ఫ్లోరీ పీహెచ్‌.డి. చేసి వెళ్లారు, ఆ తేడా కాదనలేం. కానీ ఆయన చెప్పిన పాఠానికి సరుకు కంపెనీలోనే దొరికింది. 1948లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలే పెరిగి 1953లో ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ పాలిమర్ కెమిస్ట్రీ’గా అచ్చయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా 1974లో నోబెల్ బహుమతి వచ్చింది.