వేరుసెనగ చేలకు చెఱువు మట్టి

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలోని మెట్టచేలలో హెచ్చుభాగము ఎఱ్ఱనేలలే. పైపొర పలుచన, అడుగున గులక. వాన వెలిసిన నాలుగు నాళ్ళకే పదను ఆఱిపోవును. ఇట్టి చేలలో మనము తరములుగా వేరుసెనగ వేయుచున్నాము. అది పప్పుజాతి పైరు గనుక నేలకు బలమే గాని నష్టము లేదని పెక్కుమంది సభ్యులు మాతో వాదింతురు. ఆ మాట సగమే నిజము. వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టియిచ్చుట వాస్తవమే. కాని కోతనాడు మనము చేయుచున్నదేమి? జొన్న, సజ్జ కోసినచో మోళ్ళును వేళ్ళును చేనిలోనే యుండును. వేరుసెనగనో, వేళ్ళతోసహా పెఱికి, కాయలను అంగడికిని, కట్టెను పశువులకును చేర్చుచున్నాము. ఆ పశువుల పేడయైనను ఆ చేనికే తిరిగి వచ్చుచున్నదా యన్నచో, దిబ్బమీద ఎండకు ఎండి వానకు కారి, సారము పోయిన పిదప వచ్చుచున్నది. దిబ్బను నీడను గోతిలో వేసి పైన మట్టి కప్పుటకు రొక్కమక్కఱలేదు.

మన పెద్దలు వేసవిలో చెఱువు ఎండగానే బండ్లు కట్టి మట్టి తోలెడివారు. ఆ మట్టి పరాయి సొత్తు కాదు. ఏటేట వానలు మన చేల పైపొరను కడిగి, అందలి సన్నని బంకమన్నును చెఱువులో దింపుచున్నవి. దానిని తెచ్చి మరల చేనికి వేసినచో ఇసుకపాలు హెచ్చైన నేల పదనును ఎక్కువ దినములు పట్టియుంచును. బెట్టకాలమున ఊడలు దిగు పైరునకు ఆ కొన్ని దినములే ప్రాణము. చెఱువున నీటికిని చోటు పెరుగును. గొట్టపుబావులు వచ్చిన పిదప చెఱువును మఱచితిమి. మట్టి యిటుకబట్టీలకు పోవుచున్నను అడుగువారు లేరైరి.

అయినను కన్నులు మూసికొని తోలరాదు. తెల్లని చౌడు పేఱిన చెఱువు మట్టి మేలునకు మాఱుగా కీడు చేయును. ముందుగా దానిని పరీక్షింపవలెను. కట్ట పాదమును త్రవ్వరాదు, గుంటలు పడునట్లు ఒక్కచోటనే తీయరాదు, అనుమతి లేనిదే యంత్రమును దింపరాదు.

పరీక్ష యన్నంతనే మా తెలివితక్కువ యొకటి చెప్పవలసియున్నది. ఒకమారు మేము మా చేని మన్నును పరీక్షకు పంపితిమి. ఎండ మెండుగా నుండుటచే వేపచెట్టు నీడను, మునుపు పెంటదిబ్బ యుండిన తావున త్రవ్వితిమి. సేంద్రియ కర్బనము సమృద్ధి యని పత్రము వచ్చెను. సంతసించి ఆ యేడు ఎరువు మానితిమి. పైరు పాలిపోయెను. పత్రము అబద్ధమాడలేదు, అది వేపచెట్టు క్రింది సంగతి చెప్పెను. కావున గట్లు, చెట్లనీడ, దిబ్బల చోట్లు విడిచి, చేనిలో పది తావులందు ఆఱంగుళముల లోతున 'వి' ఆకారముగా త్రవ్వి, అంచు మన్నును తీసి కలిపి, నాలుగు పాళ్ళు చేసి ఎదురెదురు పాళ్ళను మాత్రమే నిలుపుకొనుచు అరకిలోకు తేవలెను. 2015 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన నేల ఆరోగ్య పత్రమున 12 అంశములు చూపబడును. సేంద్రియ కర్బనము నూటికి అరపాలు లోపున్నచో తక్కువ యని తెలియునది.

వేరుసెనగకు జిప్సము సంగతి వేఱు. కాయకు కావలసిన సున్నపుపాలును కాయయే చుట్టునున్న మన్నునుండి పీల్చుకొనును. వేళ్ళు అందించునది చాలదు. ఎకరమునకు 200 కిలోలు, విత్తిన 45 దినముల లోపల కడపటి కలుపుతో మొదళ్ళ దగ్గఱ వేసి మన్ను ఎగద్రోయవలెను. ఆ పిదప ఊడలు దిగిన మన్నును కదిలింపరాదు.

నీటివసతి గలవారు జనుము, జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నుదురు గాక. మెట్టవారికి తొలకరికి ముందే నవధాన్యములను పొడిదుక్కిలో చల్లి నేలను కప్పియుంచు పద్ధతిని 2016లో రాష్ట్రమున మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమము వారు బోధించుచున్నారు. మేము చిన్న మడిలో చూడవలెనని యున్నాము.

తోలుకూలియే పెద్దచిక్కు. ఒక్కొక్కరు ట్రాక్టరు పిలిచిన భారమగును. ఒకే బాటలో చేలున్న సభ్యులు కలిసి పిలిచినచో బాడుగ పంచుకొనవచ్చును. నీరు ఇంకగానే చెఱువు మట్టి యొక పొట్లము, చేని మన్ను వేఱొక పొట్లము కట్టి, పేరు, సర్వే సంఖ్య వ్రాసి సంఘ కార్యాలయమునకు తెండు.