తాత అడిగాడు... చెట్లన్నీ నరికేశావా అని!

మా తాతకి ఫొటోగ్రఫీ గురించి ఏమీ తెలియదు. కానీ నా ఫొటోలకి ఇప్పటిదాకా వచ్చిన కామెంట్లలో అన్నిటికన్నా గట్టిది ఆయనదే.

2017 వేసవి. డిగ్రీ సెలవులకి మందస వచ్చాను. చేతిలో కొత్త ఫోన్, బుర్రలో యూట్యూబ్ చూసి నేర్చుకున్న కొత్త జ్ఞానం. సముద్రం వైపు మాకున్న కొబ్బరి తోటలో తాతని నిలబెట్టి ఒక ఫొటో తీశాను. కుడి పక్కన చిన్నగా తాత. ఎడమ వైపంతా చెట్లే, వరసలు వరసలుగా. రాత్రి మంచం మీద పడుకుని చూసుకుంటే నచ్చలేదు. 'సబ్జెక్ట్ మరీ చిన్నగా ఉంది, అనవసరమైంది ఎక్కువైంది' అనుకుని క్రాప్ కొట్టేశాను. తాత ముఖం సరిగ్గా గ్రిడ్ గీతలు కలిసే చోటికి వచ్చింది. పక్కన ఒక్క కొబ్బరి మాను మిగిలింది. మెమరీ నిండిపోతోందని అసలు ఫొటో డిలీట్ చేసేశాను.

పొద్దున్నే తాతకి చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని, ఫోన్ దగ్గరగా దూరంగా పెట్టి చూశాడు.

"ఏట్రా, చెట్లన్నీ నరికీసినావేటి?" అన్నాడు.

ఇంట్లో అందరం నవ్వుకున్నాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140-150 కిలోమీటర్ల గాలి. తెల్లారాక తోటల్లోకి వెళ్తే, పడిన చెట్లకన్నా నిలబడిన చెట్లని లెక్కపెట్టడం తేలిక. కొబ్బరి, జీడి, పనస... ఉద్దానమంతా అదే కథ. మా తోటా అంతే. కొన్నాళ్లకి 'అసలు మన తోట ఎలా ఉండేదో ఒకసారి చూద్దాం' అని ఫోన్ వెతికాను. నా దగ్గరున్నది తాత ముఖం, ఒక మాను. రూల్ ప్రకారం చూస్తే పర్‌ఫెక్ట్ ఫొటో.

ఆ రూల్ పేరు మీకు తెలిసే ఉంటుంది, రూల్ ఆఫ్ థర్డ్స్. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ ఆన్ చేస్తే అడ్డంగా రెండు, నిలువుగా రెండు గీతలు వస్తాయి. తొమ్మిది గళ్లు, గీతలు కలిసే చోట్లు నాలుగు. ముఖ్యమైనది ఆ నాలుగింటిలో ఒకచోట ఉంటే ఫొటో బాగుంటుందంటారు. ఇది కెమెరా కోసం పుట్టిన రూల్ కాదు. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1797లో పల్లె దృశ్యాలు గీయడం మీద రాసిన పుస్తకంలో ఈ పేరు వాడాడు. అప్పటికి ఫొటో అనేదే లేదు. నేల ఒక వంతు, ఆకాశం రెండు వంతులు, ఇలా పంచుకుంటే బొమ్మ బాగుంటుందని ఆయన లెక్క. బొమ్మ గీసేవాడికి ఒక సుఖం ఉంది, అక్కర్లేని చెట్టుని గీయడం మానేస్తే సరిపోతుంది. మనకి ఎదురుగా ఉన్నదేదో ఉంటుంది. దాన్ని మనం కత్తిరించాలి. అక్కడే వస్తుంది చిక్కంతా.

అలాగని రూల్ పనికిరాదని కాదు. మందస నుంచి వాయవ్యానికి తిరిగితే మహేంద్రగిరి కనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. కొండని ఫ్రేమ్ మధ్యలో పెట్టి చూడండి, చప్పగా పోస్ట్‌కార్డులా ఉంటుంది. పై గీత మీదకి జరిపి కింద రెండు వంతులు పొలాలకి ఇవ్వండి. కొండ ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. వానాకాలం మబ్బులు కమ్ముకుంటే లెక్క తిరగేసి ఆకాశానికి రెండు వంతులు ఇచ్చేయండి.

కానీ మందసలోనే వాసుదేవ పెరుమాళ్ గుడి ముందుకి వెళ్లి ఇదే పని చేస్తే? నేను చేశాను. ఒడిశా గుళ్లని గుర్తుచేసే ఆ రాతి శిఖరాన్ని ఓ పక్కకి తోశాను. ఎవరో గుడిని బండిలో పెట్టి తరలిస్తున్నట్టుంది! రెండు వైపులా సమంగా కట్టిన దాన్ని ఎదురుగా నిలబడి, నడిమధ్యలో పెట్టి తీయడమే మర్యాద. బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట కూడా అంతే. గాలి లేని పొద్దున నీళ్లలో ఆకాశం దిగి ఉంటుంది. హొరైజన్‌ని మధ్యలో పెట్టకూడదన్న రూల్‌ని అక్కడ హాయిగా తప్పొచ్చు, పైన ఎంతుందో కింద అంతే ఉండాలి కదా.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇంకో పాఠం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. 'పక్షి చూసే వైపు ఖాళీ వదలాలి' అన్నది పుస్తకాల మాట. దానికోసం ఫోన్‌లో జూమ్ చేసి చేసి అలికిన ముగ్గులాంటి ఫొటోలు యాభై తీశాను. ఆఖరికి జూమ్ మానేసి వెనక్కి నడిచాను. కింద ఇంటి కప్పు, ఆరేసిన బట్టలు, పైన చెట్టు నిండా పక్షులు. ఏది సబ్జెక్టో చెప్పలేని ఆ ఒక్క ఫొటోనే ఉంచుకున్నాను.

ఒక టెక్నికల్ సంగతి కూడా. ఫోన్ వైడ్ లెన్స్‌లో అంచుల దగ్గర ముఖాలు సాగుతాయి. దగ్గర నుంచి మనిషిని తీసేటప్పుడు రూల్ కోసం మరీ పక్కకి జరిపారో, అమ్మమ్మ చెంప పనసకాయ అవుతుంది. తర్వాత తిట్లు తినేది మీరే.

ఇంకోటి, ఇది నవ్వులాట కాదు. కిడ్నీ జబ్బు కథనాల కోసం ఉద్దానానికి కెమెరాలు చాలా వస్తాయి. ఎక్కువగా తీసేది క్లోజప్పే. ముడతల ముఖం, చేతికి సూది, వెనకంతా బ్లర్. ఫ్రేమ్ బాగానే కుదురుతుంది. కానీ జబ్బుకి కారణం ఇదీ అని ఈ రోజుకీ కచ్చితంగా తేలని చోట, ఆ మనిషి తాగే నీళ్ల బిందె, పని చేసే జీడి తోట, డయాలసిస్‌కి ఎక్కే బండి కూడా ఫొటోలో ఉండాల్సినవే కదా? బ్లర్ కొట్టే ముందు వెనక ఏముందో ఒకసారి చూడాలనిపిస్తుంది నాకు. అన్నిటికన్నా ముందు, తీయొచ్చా అని ఆ మనిషిని అడగాలి.

తోటలో మళ్లీ మొక్కలు వేశాం. కొబ్బరి కాపుకి రావాలంటే ఐదారేళ్లు ఆగాలి. ఈమధ్య తాత తనే పిలిచి "ఓ పోటో తియ్యిరా" అన్నాడు. ఈసారి నేను చాలా వెనక్కి వెళ్లాను. మధ్యలో, చిన్నగా తాత. రెండు పక్కలా ఆయన తల దాటిన చెట్లు. పైన సగానికి పైగా ఒట్టి ఆకాశం. ముందు అక్కడంతా మట్టలుండేవి. గ్రిడ్ ఆఫ్ చేసి తీశాను, క్రాప్ చేయలేదు.

ఫోన్ చేతికిచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఒక్కో చెట్టూ వేలితో లెక్కపెట్టుకున్నాడు.

"బాగానే ఉంది గానీ, ఆ పక్కన నుయ్యి పడలేదేటిరా?"