రేషన్ అంగట్లో గోధుమలు ఎందుకు రాలేదు?

నెల మొదటి వారంలో మన ఎన్నూరు రేషన్ అంగడి కాడ నిలబడితే ఒక మాట తప్పకుండా వినపడేది. "గోధుమలు ఉండాయా అన్నా?" "లేవమ్మా, బియ్యమే తీసుకుని పో." ఈ జవాబు విని విని మన ఆడవాళ్ళు కొందరు అడగడమే మానుకున్నారు. చెన్నైలో కార్డు ఉన్నవాళ్ళు తమ బియ్యంలో కొంత వదులుకుని, దానికి బదులు 10 కిలోల దాకా గోధుమలు ఉచితంగా తీసుకోవచ్చునని తమిళనాడు సర్కారు పెట్టిన ఏర్పాటు. కార్డు చేతిలో ఉంది. సరుకు ఉంటేనే కదా!

చాలామంది అంగట్లో కూర్చున్న మనిషినే తిట్టిపోస్తారు. ఆయన్ని వెనకేసుకొచ్చే పని నాకు లేదు. తూకం సంగతి ఇంకో నెల రాస్తాను. కానీ ఈ గోధుమల కత ఆయన తక్కెడ కాడ మొదలైంది కాదు. నేను చదివింది ఐదో తరగతి. మిగిలింది యూనియన్ ఆఫీసులో పేపర్లు చదివి, నలుగురితో వాదులాడి నేర్చుకున్నది. అందులో నాకు అర్థమైంది రాస్తా ఉన్నాను.

మా చిన్నప్పుడు గోధుమ మన తిండి కాదు. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు పక్క పల్లెల నుంచి మిల్లు పనికి వచ్చిన మన పెద్దలకు తెలిసింది అన్నం, సంగటి. గోధుమ రవ్వ ఉప్మా బడిలో తిన్నాం. ఆ రవ్వ, దాంతో ఇచ్చే పాలపొడి, కేర్ అనే సంస్థ అమెరికా నుంచి తెప్పించేది. ఇప్పుడు ఇంటికి ఒకరికి షుగరు. రాత్రికి అన్నం మాని రెండు చపాతీలు తినమంటారు. (చపాతీ అయినా లెక్క లేకుండా తింటే షుగరు పెరుగుతుందని ఒక నర్సమ్మ చెప్పింది. అదీ గుర్తు పెట్టుకోండి.) బయట ప్యాకెట్ పిండి కిలో 50, 60 రూపాయలు. రేషన్ గోధుమలు దొరికితే కడిగి, మిద్దె మీద ఎండబెట్టి, పిండి మిషనుకు ఇస్తే ఆడించే కూలి తప్ప వేరే ఖర్చు లేదు. 10 కిలోలకు నెలకు 500 మిగులుతుంది. ప్రావిడెంట్ ఫండు కింద వచ్చే కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు 1000 రూపాయలే. అది ఒక్కటే ఆధారంగా ఉన్న ముసలాయనకు గోధుమ లేదంటే సగం పెన్షన్ పోయినట్టు.

సరే, సర్కారు గోధుమల వ్యాపారంలోకి ఎందుకు దిగింది? 1965, 1966 రెండేళ్ళు వరసగా వానలు ఎగ్గొట్టాయి. దేశంలో గోధుమ పంట కోటి టన్నుల చిల్లరకు పడిపోయింది. 1966లో ఒక్క ఏడాదే కోటి టన్నులకు పైగా తిండిగింజలు బయట దేశాల నుంచి తెచ్చుకున్నాం. ఎక్కువ భాగం అమెరికాది, పి.ఎల్. 480 అనే చట్టం కింద వచ్చింది. అమెరికా ప్రెసిడెంటు జాన్సన్ మొత్తం ఒకేసారి పంపడానికి ఒప్పుకోలేదు. నెలనెలా చూసి చూసి వదిలేవాడు. ఓడ వస్తేనే పొయ్యి వెలిగేది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట తిండి మానండని దేశాన్ని అడిగింది ఆ రోజుల్లోనే.

అప్పుడు తిండిగింజల మంత్రి మన తమిళనాడు మనిషి, సి. సుబ్రమణ్యం. పొట్టి గోధుమ రకాల విత్తనాలు మెక్సికో నుంచి 18,000 టన్నులు తెప్పించింది ఆయన కాలంలోనే. విత్తనం ఒక్కటే చాలదు కదా. ఎక్కువ పండితే ధర పడిపోతుందేమోనని రైతు భయపడతాడు. అందుకని ధర చెప్పేదానికి ఒక కమిషను, కొనేదానికి ఒక సంస్థ పెట్టారు. కొనే సంస్థ ఫుడ్ కార్పొరేషన్, ఎఫ్.సి.ఐ. దాని మొదటి జిల్లా ఆఫీసు 1965 జనవరి 14న తంజావూరులో తెరిచారు. సంక్రాంతి పండగ పూట! పెద్దాఫీసు మొదట మన మద్రాసులోనే ఉండేది, తర్వాత ఢిల్లీకి పోయింది. ఇదంతా ఉత్తరాది వాళ్ళ గొడవ అనుకునేవాళ్ళ కోసం ఈ మాట చెప్తున్నాను.

పని జరిగే తీరు ఇది. విత్తనం వేసే కాలానికే సర్కారు ఒక ధర చెప్తుంది. దాన్నే మద్దతు ధర అంటారు. 2025లో కోసిన గోధుమకు అది క్వింటాలుకు 2425 రూపాయలు. ఏప్రిల్లో పంట మార్కెట్ యార్డుకు వస్తుంది. బయట వ్యాపారి అంతకంటే ఎక్కువ ఇస్తే రైతు ఆయనకే అమ్ముకోవచ్చు. ఇవ్వకపోతే సర్కారు కొంటుంది. పంజాబులో దాని మీద మార్కెట్ ఫీజు, దళారీ కమిషను, జనపనార బస్తా, హమాలీ కూలి, రైలు బాడుగ, గోడౌను బాడుగ, బ్యాంకు వడ్డీ అన్నీ చేరతాయి. పంజాబులో మోగా అనే ఊరు ఉంది. అక్కడ సైలో అనే పెద్ద పెద్ద ఇనప గాదెల్లో నింపిన గోధుమ, బస్తాలు లేకుండానే రైలు వ్యాగన్లలో మన పక్కకు వస్తుంది. మన స్టేషన్లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి, అది కూడా దాటి ఒక స్టేషను పోతే ఎళావూరు. ఆ గాదెలు అక్కడా ఉన్నాయి. అదానీ కంపెనీ కట్టింది, ఎఫ్.సి.ఐ. వాడుకుంటుంది.

సబ్సిడీ అంటే మనకు ఇచ్చే చివరి మూట మీద మాత్రమే అనుకుంటారు. కాదు. పైరుకు వేసే యూరియా దగ్గరే మొదలవుతుంది. మన పక్కనే మణలిలో మద్రాస్ ఫెర్టిలైజర్స్ యూరియా చేస్తుంది. రైతుకు 45 కిలోల మూట 242 రూపాయలు, వేప పూత, పన్ను విడిగా. చేసేదానికి అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ తేడా సర్కారు కంపెనీకి కడుతుంది. ఆ పొగ పీల్చేది మనం, ఆ యూరియా తిని పండేది పైరు, ఆ రొట్టె తినేది దేశం. చివరికి 2023 జనవరి నుంచి కేంద్రం 80 కోట్ల మందికి రేషన్ గింజలు ఉచితం చేసింది. తిండిగింజల సబ్సిడీ ఒక్కటే ఏడాదికి సుమారు 2 లక్షల కోట్లు.

ఇంత ఏర్పాటు ఉన్నా మన అంగట్లో గోధుమ ఎందుకు మాయమైంది? 2022లో జరిగింది చూడాలి. ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఆ రెండు దేశాలూ గోధుమ అమ్మేవే కాబట్టి ప్రపంచమంతా ధర ఎగిరింది. మన వ్యాపారులు ఎగుమతికని రైతుల దగ్గర మద్దతు ధర కంటే ఎక్కువిచ్చి కొన్నారు. ప్రపంచానికి మేము తిండి పెడతామని ఢిల్లీలో గొప్పలు చెప్పుకున్నారు. అదే సమయంలో మార్చి నెల ఎండకు గింజ పాలు పోసుకోకుండానే ఎండిపోయింది. ముందు ఏడాది 433 లక్షల టన్నులు కొన్న సర్కారు చేతికి ఆ ఏడాది 188 లక్షల టన్నులే దొరికింది. సగం కూడా కాదు. మే 13న రాత్రికి రాత్రి ఎగుమతి ఆపేశారు.

గోడౌనులో తక్కువైతే ఎవరి వాటా ముందు కోస్తారు? బియ్యం తినేవాళ్ళది. కేరళకు కరోనా కాలంలో అదనంగా ఇస్తున్న గోధుమ మొత్తం తీసేసి బియ్యం ఇచ్చారు. బీహారు, ఉత్తరప్రదేశ్ కూడా తప్పించుకోలేదు. తమిళనాడుకు వచ్చేదీ తగ్గింది. "వాళ్ళు అన్నం తినేవాళ్ళే కదా" అని లెక్క. మన ఇళ్ళల్లో షుగరు వచ్చి ఎన్నేళ్ళయిందో ఆ లెక్క వేసినవాళ్ళకు తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళు సర్కారు ధర మీద కూర్చుంది. 2023 జూన్లో, పెద్ద వ్యాపారి 3000 టన్నులకు మించి గోధుమ దాచిపెట్టకూడదని హద్దు పెట్టింది. తన దగ్గర ఉన్నదాంట్లో 90 లక్షల టన్నులకు పైగా పిండి మిల్లులకు వేలం వేసింది. 2023 నవంబరులో భారత్ ఆటా అని కిలో 27 రూపాయల 50 పైసలకు పిండి అమ్మించింది. వేలం వేసి వేసి 2024 ఏప్రిల్ 1 నాటికి గోడౌనులో 75 లక్షల టన్నులే మిగిలాయి. ఉండాల్సిన కనీసానికి అది వెంట్రుకవాసి పైన.

మిల్లు మనుషులకు ఇది పత్తితో పోలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అదే 2022 ఎండాకాలంలో పత్తి క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటిపోయింది. ఏప్రిల్లో 11 శాతం దిగుమతి సుంకం తీసేశారు, అయినా ధర దిగలేదు. మేలో తిరుప్పూరు వాళ్ళు రెండు రోజులు పని ఆపారు. నూలు మిల్లులు ఎన్నో షిఫ్టులు తగ్గించుకున్నాయి. షిఫ్టు పోతే కూలి పోతుంది, మనకు కొత్త సంగతి కాదు. పత్తి కొనేదానికీ సర్కారు సంస్థ ఉంది, కాటన్ కార్పొరేషన్, 1970 నుంచి. కానీ ధర పెరిగిన నాడు బజారులో దింపేదానికి దాని చేతిలో సరుకు లేదు. గోధుమకు పాత నిల్వ ఉంది. వేలం వేసేదానికి ఏదో ఒకటి చేతిలో ఉంది కాబట్టి పిండి ధర పత్తి లాగా పట్టు తప్పి పోలేదు. కాగితం మీద ఆర్డరు కంటే గోడౌనులో గింజకే వ్యాపారి భయపడతాడు.

మా వీధిలో ఐ.టి.ఐ. చదివిన పిల్లోడు ఒకడు నాతో వాదం పెట్టుకున్నాడు. "తాతా, పంజాబు రైతుకు ధర పెంచితే బరువు మన మీదనే కదా? వాళ్ళు ఢిల్లీలో ధర్నా చేస్తే మనమెందుకు చప్పట్లు కొట్టాలి?" అన్నాడు. పిల్లోడి మాట కొట్టిపారేసేది కాదు. మద్దతు ధర పెరిగితే బయట పిండి ధర కొంత పెరుగుతుంది, నిజమే. "అయితే ఒకటి చూడు నాయనా," అన్నాను. "ఆ ధర లేకపోతే రైతు సర్కారుకు అమ్మడు. సర్కారు కొనకపోతే మన అంగడికి మూట రాదు. 2022లో ఎగుమతి ఆపి నీకు రొట్టె చవక చేసినప్పుడు, ఆ లాభం పోగొట్టుకున్నది ఆ రైతే. నీ రొట్టెకు ఆయన కట్టిన పన్ను అది." పిల్లోడు ఒప్పుకోలేదు. నాకూ ఒక అనుమానం ఉంది. పంజాబులో వరి, గోధుమ తప్ప వేరే పంట వేయకుండా భూమిలో నీళ్ళు పాతాళానికి పోయాయి. ఈ ఏర్పాటు అట్లాగే ఎన్నాళ్ళు నడుస్తుందో ఆలోచించాల్సిందే. జొన్న, రాగి, సజ్జకు కూడా మద్దతు ధర చెప్తారు, కొనడం మాత్రం గోధుమను కొన్నట్టు కొనరు. మన సంగటి గింజ అక్కడ వెనకపడింది.

ఇంకో మాట చాలామంది చదువుకున్నవాళ్ళు చెప్తారు. "గింజలు ఎందుకు, ఆ దుడ్డేదో బ్యాంకులో వేసేయండి" అని. పుదుచ్చేరిలో 2015లో అది మొదలుపెట్టారు. మన తెలుగు యానాం కూడా ఆ పుదుచ్చేరి కిందిదే. రేషన్ అంగళ్ళు మూతపడ్డాయి. జనం బియ్యమే కావాలని గోల చేసి చేసి, 2024లో అంగళ్ళు మళ్ళీ తెరిపించుకున్నారు. దుడ్డు వేస్తే ఇంట్లో అప్పులవాడు ముందు నిలబడతాడు. బజారులో ధర పెరిగితే వేసిన దుడ్డు పెరగదు. 10 కిలోలు మాత్రం 10 కిలోలే.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2024 అక్టోబరు నుంచి కేంద్రం రాష్ట్రాలకు 35 లక్షల టన్నుల గోధుమ అదనంగా కేటాయించింది. 2025 పంటలో సర్కారు 300 లక్షల టన్నులు కొన్నది, నాలుగేళ్ళలో అదే ఎక్కువ. గోడౌను ఖాళీ అనే సాకు ఢిల్లీ వైపు ఇంక చెల్లదు. రాష్ట్రం గట్టిగా అడిగి తేవాలి, వచ్చిన మూటలు మన కత్తివాక్కం, ఎర్ణావూరు అంగళ్ళ దాకా చేరాలి.

అందుకని రేషన్ అంగడికి పోయినప్పుడు గోధుమ ఉందా అని అడిగి ఊరుకోవద్దు. ఈ నెల మన అంగడికి ఎన్ని మూటలు వచ్చాయి, ఏ తేదీన దిగాయి అని అడగండి. నిల్వ ఎంతో బోర్డు మీద రాసి ఉండాలి, అది చూడండి. బోర్డు ఖాళీగా ఉంటే 1967 నంబరుకు ఫోను చేసి కార్డు నంబరు చెప్పి ఫిర్యాదు రాయించండి. ఒక్కరు చేస్తే పట్టించుకోరు. వీధికి పదిమంది ఒకే వారంలో చేయాలి.