నీళ్లలో తేలిన ఏనుగు

2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున బెజవాడ సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి బుడమేరు వరద వచ్చింది. మధ్యాహ్నానికి నడుం లోతు. మేం మేడ మీదికెక్కి కూర్చున్నాం. నాలుగో రోజు నీళ్లు కాస్త తీశాక మెట్ల మీంచి కిందికి తొంగి చూశాను. ఫ్రిజ్ పక్కకి ఒరిగి పడుంది. బియ్యం డబ్బా మునిగిపోయింది. ఆ బురద నీళ్ల మీద మా అత్తగారి నాటి కొండపల్లి బొమ్మ, అంబారీ ఏనుగు, హాయిగా తేలుతోంది. దాని వెనకాలే గీత కార్మికుడు లేని తాడిచెట్టు.

అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినదాన్ని. ఏటా సంక్రాంతికి ఆ బొమ్మలు దించి, తుడిచి, కొలువు పెట్టినదాన్ని. అది ఏ చెట్టు కర్ర, అంత తేలిగ్గా ఎందుకుంది అని ఒక్కనాడైనా ఆలోచించలేదు.

ఆరబెట్టాక చూస్తే ఏనుగుకి తగిలిన అసలు దెబ్బ తెలిసింది. తొండం ఊడింది. అంబారీ ఊడింది. రంగు కింద పూసిన సుద్ద, ఉడికిన గుడ్డు పెంకులా ముక్కలుముక్కలుగా రాలుతోంది. కర్ర మాత్రం చెక్కు చెదరలేదు. మా ఇంట్లో ఫ్యాక్టరీ చెక్కతో చేసిన టీవీ బల్ల ఆ నాలుగు రోజులకే ఉబ్బి, నానిన అట్టముక్క అయిపోయింది.

కార్తీకం చివర్లో ముక్కలన్నీ గుడ్డసంచిలో వేసుకుని, మా తోటికోడలి కొడుకుని బండి తియ్యమన్నాను. "కొత్తది కొనుక్కో పెద్దమ్మా, అంత దూరం ఎందుకు?" అన్నాడు. దూరమేముంది, ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లే. అక్కడి బొమ్మల కాలనీలో నా ఈడు ఆయన ఒకరు అరుగు మీద కూర్చుని ఉలితో ఎడ్లబండి చక్రం చెక్కుతున్నారు. సంచి విప్పి చూపించాను. తొండాన్ని చేతిలోకి తీసుకుని, ఊడిన చోట గోటితో గీకి, "పాత పని అమ్మా, మక్కుతో అతికింది. అందుకే నీళ్లకి ఊడింది" అన్నారు.

మక్కు అంటే చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద. కొండపల్లి బొమ్మని ఒకే కర్రలోంచి చెక్కరు. ఒళ్లు వేరు, చేతులు వేరు, తలపాగా వేరు. అన్నీ విడివిడిగా చేసి మక్కుతో అతుకుతారు. ముక్కు, కనుబొమ్మలు, చీర మడతలు కూడా మక్కుతోనే దిద్దుతారు. దాని మీద సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. కర్ర కోసిన వెంటనే పనికి రాదు. ఎండబెట్టి, సన్నటి సెగ మీద కాచి లోపలి తేమంతా లాగేయాలి. అలా తేమ పోయిన కర్ర ముక్కని ఆయన నా చేతిలో పెట్టారు. అరచెయ్యంత ముక్క, అప్పడం బరువు లేదు. గోరు గుచ్చితే దిగింది.

అదే తెల్ల పొణికి. ఆముదం కుటుంబానికి చెందిన చెట్టు. నిర్మల్ బొమ్మలకి వాడేదీ పొణికే. ఏటికొప్పాక లక్కబొమ్మలది మాత్రం అంకుడు కర్ర. పొణికి కర్ర మెత్తదనం ఉలికి వరం. చెట్టుకి మాత్రం అదే శాపమైంది. నరకడం నిమిషాల పని, పెంచడం బ్రహ్మప్రళయం. గింజకి రాయిలాంటి పెంకు ఉంటుంది. నాటినవాటిలో మొలిచేవి తక్కువ. "మా నాన్న ఈ కొండ మీదే తెచ్చుకునేవారు. ఇప్పుడు కర్ర కోసం కాచుక్కూర్చోవాలి" అన్నారాయన. చెట్టు చూడాలని ఉంది అంటే, ఘాట్ రోడ్డు వైపు చెయ్యి చూపించి, "ఆకు తిరగేసి చూడండి, అడుగు తెల్లగా ఉంటుంది" అన్నారు.

కోటకి వెళ్లే ఆ రోడ్డు అడవిలోంచే పోతుంది. అడవి అనగానే చీకటి గుహలాంటి చోటు ఊహించుకుంటే నిరాశే. ఇది ఆకు రాల్చే పొడి అడవి. వేసవిలో వస్తే ఎండిన కట్టెల కొండలా ఉంటుంది. వానలు పడ్డాక వస్తే ఇదేనా అది అనిపిస్తుంది. మేం వెళ్లినప్పుడు రెంటికీ మధ్య ఉంది. మోదుగ, తునికి, రేల గుర్తుపట్టాను. ఎక్కడో నెమలి అరిచింది. ఒక మలుపు దగ్గర, రాళ్ల సందులోంచి లేచిన బూడిద రంగు మాను, వెడల్పాటి ఆకులు. ఒకటి తిరగేశాను. తెల్లటి నూగు, బొటనవేలితో రుద్దితే వెల్వెట్ గుడ్డలా తగిలింది. చుట్టూ ఎంత వెతికినా ఇంకో చెట్టు కనపడలేదు.

అక్కడ నిలబడితే వేల్స్ గుర్తొచ్చింది. మా అమ్మాయి కార్డిఫ్‌లో ఉంటుంది. ఒక మే నెలలో నన్ను అక్కడి పాత అడవికి తీసుకెళ్లింది. చుట్టూ గొర్రెలు మేసే పచ్చిక, మధ్యలో ఓక్ చెట్లు, వాటి కింద నేలంతా నీలంగా బ్లూబెల్ పూలు. నాకు ఆ చెట్లు అంత ముసలివేం అనిపించలేదు, ఆ మాటే అన్నాను. లెక్క చెట్టుది కాదమ్మా, నేలది అంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1600 సంవత్సరం నుంచి ఎడతెగకుండా అడవిగానే ఉంటూ వచ్చిన నేలనే ప్రాచీన అడవి అంటారట. మధ్యలో చెట్లు నరికినా పర్వాలేదు, మొదళ్లు మళ్లీ చిగురించి అడవి అడవిగానే ఉండాలి. దున్నకూడదు, కట్టకూడదు. అన్ని వందల ఏళ్లు కదలని మట్టిలో ఉండే బూజులు, పురుగులు, గింజలు కొత్తగా నాటిన తోటలోకి రావు. బ్లూబెల్ పూలు అంత గుబురుగా పూశాయంటే నేల పాతదని అక్కడివాళ్లు గుర్తుపడతారు.

మన దగ్గర రిజర్వు ఫారెస్టు అన్నది వయసు చూసి ఇచ్చే పేరు కాదు, గెజిట్‌లో నోటిఫై చేసి ఇచ్చేది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కాలం నుంచీ అంతే. సర్వే నంబరు ఉంటుంది, విస్తీర్ణం ఉంటుంది. ఆ మట్టి ఎన్నాళ్లదో అడిగే గడి ఉండదు. అందుకే ఒకచోట పాత కొండ తవ్వి, ఇంకోచోట మొక్కలు నాటితే లెక్క సరిపోయిందనుకుంటాం. నాకిది చాలా పెద్ద మోసం అనిపిస్తుంది. మేం కొండ ఎక్కే లోపలే కింద రోడ్డు మీద కంకర లారీలు వరసగా పోతుంటే చూశాం మరి.

పైన కోట సంగతి త్వరగా చెప్పేస్తాను. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు. గజపతుల చేతికి పోయింది, కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు, గోల్కొండ వాళ్ల పాలయింది, 1766లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. ఇంతమంది ఈ కొండ మీద పడ్డది అడవి అందం చూసి కాదు. పైనుంచి కృష్ణ ఒడ్డు దారంతా కనిపిస్తుంది. ఇప్పుడు మొదట కనిపించేవి మాత్రం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. మేం వీటీపీఎస్ అనే ఆ కేంద్రం 1979లో కరెంటు ఇవ్వడం మొదలెట్టింది. మా ఇంటి ఫ్యాను దాని పుణ్యమే కాబట్టి పొగగొట్టాలని తిట్టలేను.

నేను వెతికింది ఇంకోవైపు, బుడమేరు కోసం. బుడమేరు మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుడుతుంది. పులివాగు, లోయవాగు లాంటివి దాంట్లో కలుస్తాయి. పేర్లు చూడండి, పులి, లోయ! వెలగలేరు దగ్గర రెగ్యులేటరు ఉంది. అక్కడి నుంచి డైవర్షన్ కాలవ వరదని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతుంది. పాత దారి మాత్రం బెజవాడ పక్కనుంచి కొల్లేరుకి పోతుంది. ఆ సెప్టెంబరులో కాలవ కట్టకి గండ్లు పడ్డాయి. రెండో తేదీన బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ లేనంత. నదే నిండుగా ఉంటే కాలవని ఎక్కడ కలుపుకుంటుంది? నీళ్లు పాత దారి వెతుక్కున్నాయి. ఆ దారిలో మేం ఇళ్లు కట్టుకున్నాం.

అడవి ఉంటే వరద రాకపోయేదని నేను అనను. ఆ రెండు రోజుల వానని ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కాకపోతే రాలిన ఆకు, వేళ్లు, గుల్లబారిన మట్టి ఉన్న వాలు మీద వాన ముందు ఇంకుతుంది, తరవాతే పారుతుంది. గీకిన కొండ మీద పడ్డ చుక్క పడ్డట్టే కిందికి ఉరుకుతుంది, మట్టిని కూడా వెంటేసుకుని. మా ఇంట్లో పారతో ఎత్తిపోసిన బురద ఎర్రగా ఉంది. అది ఏ కొండదో నేను చెప్పలేను, మా వీధిది మాత్రం కాదు.

కిందికి దిగేసరికి ఆయన ఏనుగుని శుభ్రం చేసి పెట్టారు. "మక్కు పెట్టమంటారా, ఫెవికాల్ పెట్టమంటారా? ఫెవికాల్ అయితే నీళ్లకి అంత తేలిగ్గా ఊడదు" అని అడిగారు. మక్కే పెట్టండి అన్నయ్యగారూ అన్నాను. మా వాడు నా వంక వింతగా చూశాడు. వారం తరవాత వెళ్లి తెచ్చుకున్నాను.

సంక్రాంతికి కొలువు పెట్టాను. గోడ మీద నీటి చార ఇంకా నా భుజం దాకా ఉంది. ఏనుగు పైమెట్టు మీద ఉంది. తాడిచెట్టు ఎక్కేవాడు మాత్రం దొరకలేదు.