పాత విలాసపు కారు - చేతి ట్యూనరు

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమును చూడబోయినవారికి అచట పసుపుపచ్చని రోల్స్-రాయిస్ కారొకటి కనబడును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొరకు ఆర్డరు చేయబడిన ఈ ‘సిల్వర్ ఘోస్ట్’ 1912 నాటిది. ఆయన 1911 లోనే మరణించుటచే అది ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కినది. ఆ తరగతి కార్ల స్టీరింగు చక్రమునకు చిన్న మీటలు అమర్చియుండెడివి. గాలిలో కలియు పెట్రోలు పాలును హెచ్చించుటకో తగ్గించుటకో ఒకటి. సిలిండరులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టవలెనో నిర్ణయించుటకు మరియొకటి. బండి ఎత్తెక్కునప్పుడును, ఇంజను చల్లగా ఉన్నప్పుడును, వేగముగా సాగునప్పుడును చోదకుడు యంత్రపు చప్పుడును చెవితో కనిపెట్టి ఆ మీటలను జరుపుచుండెడివాడు.

నేటి కార్లలో ఆ మీటలు కానరావు. వాని పనిని ఇంజనుకు అమర్చిన చిన్న గణకయంత్రము చూచుకొనుచున్నది. అయినను, పది పదునైదేండ్లు వాడిన విలాసపు కారును తక్కువ ధరకు కొన్నవారిలో కొందరు దాని బలమును పెంచవలెనను కోరికతో అరచేతిలో ఇమిడెడి పరికరమొకటి తెచ్చుకొనుచున్నారు. దానినే చేతి ట్యూనరు అందురు. పాతకాలపు మీటలను అది మరల మనచేతికి ఇచ్చుచున్నదని చెప్పవచ్చును. అయితే ఇప్పుడు జరుపవలసినవి అంకెలు. వాని వెనుకనున్న శాస్త్రము తెలియక జరిపినచో మంచి ఇంజను కొద్ది నిమిషములలో చెడిపోగలదు. ఆ శాస్త్రము ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతిక రసాయన శాస్త్రములకు మించినది కాదు. కనుక దానిని వరుసగా పరిశీలింతము.

రవ్వ ఎప్పుడు పుట్టవలెను?

పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలును లోనికి పీల్చును. పైకి వచ్చుచు వానిని అదుమును. స్పార్కు ప్లగ్గునుండి రవ్వ పుట్టగా మిశ్రమము మండి పిస్టనును క్రిందికి త్రోయును. చివరకు కాలిన వాయువులు వెడలిపోవును. ఈ నాలుగు ఘట్టములు విద్యార్థులకు తెలిసినవే. కాని మిశ్రమమంతయు ఒక్క క్షణములో మండదు. ప్లగ్గువద్ద పుట్టిన మంట సిలిండరు అంచులవరకు ప్రాకుటకు రెండు మూడు మిల్లీసెకనులు పట్టును.

ఈ స్వల్పకాలమునకు ఎంత విలువ కలదో లెక్కించి చూడుడు. ఇంజను నిమిషమునకు 3,000 సారులు తిరుగుచున్నదనుకొందము. అనగా సెకనుకు 50 చుట్లు; ఒక్కొక్క చుట్టు 360 డిగ్రీలు గనుక సెకనుకు 18,000 డిగ్రీలు. మిల్లీసెకనుకు 18 డిగ్రీలు వచ్చును. మంట వ్యాపించుటకు రెండు మిల్లీసెకనులు పట్టినచో ఆలోగా ఇరుసు 36 డిగ్రీలు తిరిగిపోవును. పిస్టను మీది కొసను దాటి సుమారు 15 డిగ్రీలు తిరిగిన తరుణమున పీడనము అత్యధికముగా ఉన్నచో ఇరుసుపై త్రిప్పుడు బలము బాగుగా లభించును. కావున రవ్వ, పిస్టను మీది కొసను చేరుటకు సుమారు 21 డిగ్రీలు ముందుగానే పుట్టవలెను. వేగము, గాలి పరిమాణము, వేడి మారినకొలది ఈ ముందస్తు కోణమును కూడ మార్చవలసియుండును.

ఇంజనులోని ఎక్కముల పుస్తకము

నేటి కారులోని గణకయంత్రము ఈ కోణమును ప్రతిసారి క్రొత్తగా కనిపెట్టదు. తయారీదారులు ప్రయోగశాలలో నెలల తరబడి పరీక్షించి కూర్చిన పట్టికలు దాని స్మృతిలో ఉండును. అడ్డువరుసలలో ఇంజను వేగము, నిలువువరుసలలో సిలిండరులో ప్రవేశించు గాలి, అవి కలిసిన గడిలో ముందస్తు కోణము ఉండును. పెట్రోలు ఎంత చల్లవలెనో తెలుపుటకు వేరొక పట్టిక కలదు. వేగము రెండు గడుల మధ్య పడినప్పుడు, విద్యార్థులు లాగరిథం పట్టికలో నడిమి విలువను సాధించునట్లే, యంత్రమును సాధించుకొనును. గాలిని, వేడిని, ఇరుసు స్థానమును, పొగలోని ఆక్సిజనును కొలుచు సాధనములు దానికి నిరంతరము వార్తలు పంపుచుండును.

చేతి ట్యూనరు మార్చునది ఈ పట్టికలనే. కారు లోపల, స్టీరింగు చక్రము క్రింద, 16 సూదులు పట్టు ఒక సాకెట్టు ఉండును. అమెరికాలో 1996 నమూనా కార్లనుండియు, ఐరోపాలో 2001 నుండి పెట్రోలు కార్లలోను ఇది తప్పనిసరి అయినది. ట్యూనరు తీగను అందు తగిలించినచో అది మొదట పాత పట్టికలను చదివి భద్రపరచుకొనును; పిమ్మట క్రొత్త పట్టికలను వ్రాయును. ఈ వ్రాత సాగుచుండగా బ్యాటరీ బలహీనపడినచో గణకయంత్రము సగము వ్రాతతో నిలిచిపోయి, కారు కదలక పోవచ్చును. పాత బ్యాటరీ గల కారులో ఇది ఊహామాత్రపు భయము కాదు. తగిన ఛార్జరును తగిలించియే పని ఆరంభింపవలెను. 1996కు పూర్వపు కార్లలో పెక్కింటికి ఈ సాకెట్టు ఉండదు. అట్టివానికి ఈ పరికరము పనికిరాదు.

అదనపు బలము ఎచటినుండి వచ్చును?

పట్టిక మార్చినంతమాత్రమున శూన్యమునుండి శక్తి పుట్టదు. తయారీదారు ఒకే కారును పలు దేశములలో అమ్మును. ఒకచోట పెట్రోలు నాసిగా ఉండవచ్చును. ఒకచోట ఎండ మండిపోవును. ఒక యజమాని నూనె మార్చుట మరచిపోవును. ఈ అన్నింటికి తట్టుకొనుటకై తయారీదారు కొంత బలమును వాడక మిగిల్చి ఉంచును. ట్యూనరు ఈ మిగులును ఖర్చుచేయును. టర్బో అమర్చిన ఇంజనులో గాలిని మరింత ఒత్తిడితో లోనికి పంపవచ్చును గనుక బలము స్పష్టముగా పెరుగును. టర్బో లేని ఇంజను తాను పీల్చుకొనగలిగినంత గాలినే పీల్చును. అందు లాభము స్వల్పము.

అసలు చిక్కు ఇచటనే కలదు. కొత్తకారులో ఉన్న మిగులు పాతకారులో అట్లే ఉండదు. ఏండ్ల తరబడి పిస్టను తలపై పేరుకొన్న మసి, అదుముడు నిష్పత్తిని కొంత పెంచును. ఎర్రగా కాగి తానే నిప్పుకణమగును. పెట్రోలును చిమ్ము సన్నని రంధ్రములు పూడును. పెట్రోలు పంపు నీరసించును. రేడియేటరులో పాచి పట్టును. రబ్బరు గొట్టములు పగుళ్లు దేరును. వయస్సు అప్పటికే తినివేసిన మిగులును ట్యూనరు రెండవసారి ఖర్చుపెట్ట జూచును. ఉన్నదనుకొని లేని సొమ్మును వ్యయము చేయుటవంటిదే ఇది.

ఇంజను కొట్టుకొనుట

మిగులు అయిపోయినదని ఇంజను తెలుపు విధమును మెకానిక్కులు నాకింగు అందురు. మంట ప్లగ్గునుండి క్రమముగా ప్రాకుచుండగా, దూరపు మూలనున్న మిశ్రమము వేడికి, ఒత్తిడికి తాళలేక, మంట చేరకముందే తానే ఒక్కుమ్మడి భగ్గుమనును. అప్పుడు పుట్టు పీడన తరంగములు గోడలకు కొట్టుకొని లోహపు చప్పుడు చేయును. సాధారణ సిలిండరులో ఈ కంపనములు సెకనుకు సుమారు 6,000. పిస్టనును కాపాడుచుండు పలుచని వాయుపొర చెదరిపోవుటచే దాని అంచులు కరగును. ఉంగరములను నిలుపు గట్లు విరుగును. రవ్వను మరీ ముందుకు జరిపినను, గాలిని అతిగా దట్టించినను నాకింగు పెరుగును.

ఒకప్పుడు చోదకుని చెవి చేసిన పనిని నేడు ఇంజను గోడకు బిగించిన స్ఫటికపు సాధనము చేయుచున్నది. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ ధర్మముచేతనే ఈ సాధనము నాకింగును పసిగట్టగా, గణకయంత్రము రవ్వను వెనుకకు జరుపును. పాతకారులో ఈ సాధనము మందగించియున్నచో హెచ్చరించువారు ఎవ్వరును లేరు.

ఒకే అంకె, రెండు అర్థములు

నాకింగును ఆపు గుణమునకు కొలతయే ఆక్టేను సంఖ్య. ఐసో-ఆక్టేను అను ద్రవమునకు 100, సాధారణ హెప్టేనుకు సున్న అని నిర్ణయించి, పెట్రోలును ఈ రెండింటి మిశ్రమములతో పోల్చుదురు. పోల్చుటకు రెండు పద్ధతులు గలవు. రీసెర్చి పద్ధతిలో పరీక్ష ఇంజను మెల్లగా నడచును. మోటారు పద్ధతిలో వేగమును, మిశ్రమపు వేడియు ఎక్కువ గనుక సంఖ్య తక్కువ వచ్చును. భారతదేశమున, ఐరోపాలో రీసెర్చి సంఖ్యను చెప్పుదురు. అమెరికాలో బంకుపై వ్రాయునది రెండింటి సగటు.

మన మునుపటి ప్రమాణముల ప్రకారము సాధారణ పెట్రోలునకు ఉండవలసిన కనీస రీసెర్చి సంఖ్య 91, మోటారు సంఖ్య 81. సగటు 86. మేలురకపు పెట్రోలునకు ఇవి 95, 85, సగటు 90. అమెరికాలో స్థిరపడిన బంధువు ప్రేమతో తెచ్చియిచ్చిన ట్యూనరులో ‘91 పెట్రోలు పట్టిక’ అని కనబడినదనుకొనుడు. మన బంకులోను 91 యే గదా యని ఆనాడు దానిని ఎక్కించినచో, సగటు 91 కోరు ఇంజనుకు కనీసము 86 మాత్రమే హామీ గల పెట్రోలు పోసినట్లయ్యెడిది. మేలురకముతో చూచినను కనీస ప్రమాణము ఒక మెట్టు తక్కువయే. ఇథనాలు కలియుటచే సంఖ్య కొంత పెరుగును. అయినను బంకునుండి బంకునకు ఎంత పెరిగినదో కొలువక, దానిని నమ్మి రవ్వను ముందుకు జరుపరాదు.

ఇథనాలుతో వేరొక లెక్కయు కలదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు తనలోనే ఆక్సిజను ఉండుటచే 9 కిలోలు చాలును. 2025 నాటికి మన దేశములో పెట్రోలున ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. అట్టి మిశ్రమమునకు సుమారు 13.5 కిలోల గాలి చాలును. అనగా అంతే గాలికి ఎక్కువ ఇంధనము చల్లవలెను. మామూలు నడకలో ఆక్సిజను సాధనము వార్త తెలుపగా గణకయంత్రము దీనిని సరిదిద్దుకొనును. పూర్తిగా త్రొక్కినప్పుడు మాత్రము పెక్కు పాతకార్లు ఆ వార్తను విడిచి పట్టికనే నమ్మును. శుద్ధమైన పెట్రోలుకై వ్రాసిన పట్టిక అప్పుడు ఇంధనమును చాలినంత ఈయక, ఇంజనును వేడెక్కించును.

ఎండ సంగతియు మరువరాదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్లకు మే నెల మధ్యాహ్నము అట్టి కారొకటి వచ్చినదనుకొందము. గాలి 45 డిగ్రీలున్నచో పరమమానమున అది 318. చల్లని దేశపు 15 డిగ్రీలు 288. ఒకే పీడనమున గాలి సాంద్రత 318కి 288 వంతున తగ్గును. అనగా సుమారు 9 శాతము పలుచన. బలము ఆ మేరకు తగ్గుటయేగాక, వేడిగాలి నాకింగును త్వరపెట్టును. చల్లని దేశములో సరిపోయిన పట్టిక మన వేసవికి సరిపోవునని తలపరాదు.

మొదట కొలుచుట, పిమ్మట మార్చుట

ఇన్ని చిక్కులున్నవని ఈ పరికరమును పారవేయ నక్కరలేదు. దానికి వ్రాయుటయే కాక చదువుటయు వచ్చును. పాతకారు యజమానికి ఈ చదువుటయే మిక్కిలి విలువైనది. గణకయంత్రము పెట్రోలును పట్టికకంటె ఎంత శాతము ఎక్కువగానో, తక్కువగానో చల్లుచున్నదో అది తెరపై చూపును. ఇంజను నిలకడగా నడచునప్పుడు ఈ సవరణ అధికముగా ఉండి, వేగము పెరిగినకొలది తగ్గినచో ఎచటనో గొట్టము పగిలి దొంగగాలి ప్రవేశించుచున్నదని ఊహింపవచ్చును. నిలకడలో సరిగా ఉండి, బరువు పడినకొలది పెరిగినచో పెట్రోలు పంపునో, జల్లెడనో అనుమానింపవలెను. నాకింగుచే రవ్వ ఎన్ని డిగ్రీలు వెనుకకు జరిగినదో కూడ తెలియును. సవరణ పది శాతమునకు లోబడి, రవ్వ వెనుకకు జరుగక, నీటివేడి నిలకడగా ఉన్ననాడు మాత్రమే పట్టిక మార్చు ఆలోచన చేయవచ్చును. చిత్రమేమన, గొట్టములు, ప్లగ్గులు, జల్లెడలు మార్చి ఇంజనును మొదటి స్థితికి తెచ్చినచో, యజమాని కోరుకొన్న బలములో కొంత పట్టిక తాకకయే తిరిగివచ్చును.

ఇది యజమాని సొంత సొమ్మునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. పొగగొట్టములోని ఉత్ప్రేరక పేటికలో ప్లాటినము, పల్లాడియము, రోడియము వంటి లోహములు విషవాయువులను శుద్ధిచేయును. గాలి పెట్రోలు నిష్పత్తి సరిగా ఉన్నప్పుడే అవి పనిచేయును. బలము కొరకు పెట్రోలును అతిగా చల్లు పట్టికవలన ఆక్సిజను చాలక కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఆ గాలిని పీల్చువారు కారులో కూర్చున్నవారు కారు, బాటప్రక్కన నడచువారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు, తయారీదారు తెలిపినవానికి భేదము వచ్చునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. పొగ పరీక్షలోను వాహనము నెగ్గవలెను. రవాణా కార్యాలయమును, భీమా సంస్థను ముందుగా సంప్రదించుట మేలు.

ఉపాధ్యాయులు పై లెక్కలను తరగతిలో చేయించవచ్చును. ఇంజను వేగము 6,000 అయినచో మిల్లీసెకనుకు ఎన్ని డిగ్రీలు? గాలి 40 డిగ్రీలయినచో సాంద్రత ఎంత తగ్గును? రీసెర్చి సంఖ్య 98, మోటారు సంఖ్య 88 అయిన పెట్రోలును అమెరికా బంకుపై ఏ అంకెతో వ్రాయుదురు? ఈ మూడింటికి సమాధానము చెప్పగల విద్యార్థి, ట్యూనరు తెరపై కనబడు అంకెలను చూచి మోసపోడు. సిల్వర్ ఘోస్ట్ చోదకుడు మీటను జరుపుటకు ముందు ఇంజను చప్పుడు వినెడివాడు. ట్యూనరు పట్టువాడును పట్టిక వ్రాయుటకు ముందు ఇంజను చెప్పు అంకెలను చదువవలెను.