గదిలో కెటిల్ ఉంటే టిఫిన్ ఉన్నట్టే!

వర్ధన్నపేటలో బస్సెక్కి హన్మకొండ కోచింగ్‌కు వెళ్లొస్తున్నారా? లేదంటే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నారా? ఎక్కడున్నా పొద్దున పూట మొదట కోత పడేది టిఫిన్‌కే. బయట రోజుకు 40 రూపాయలు అనుకున్నా నెలకు 1200. అది మిగుల్చుకోవాలని ఖాళీ కడుపుతో స్టడీహాల్‌లో కూర్చుంటే పదకొండింటికే కళ్లు తిరుగుతాయి. ఇంటికెళ్లినప్పుడు ఒక గంట కేటాయిస్తే, రెండు వారాల టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రావచ్చు.

కిలో బొంబాయి రవ్వను సన్నమంట మీద పది, పన్నెండు నిమిషాలు వేయించండి. కమ్మని వాసన రావాలి, రంగు మారకూడదు. పక్కన పెట్టి, అదే కడాయిలో 100 మిల్లీలీటర్ల నూనె పోసి శనగపప్పు, మినపప్పు 50 గ్రాముల చొప్పున, రెండు చెంచాల ఆవాలు వేయండి. పప్పులు ఎర్రబడ్డాక సన్నగా తరిగిన పది పచ్చిమిరపకాయలు, రెండు గుప్పిళ్ల కరివేపాకు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మిర్చి, ఆకు చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా వేగాలి. కొంచెం తడి మిగిలినా వారంలో బూజు ఖాయం. కడిగిన ఆకును ముందురోజే నీడన ఆరబెట్టుకుంటే పని సులువు. చివర్లో రవ్వ, 30 గ్రాముల ఉప్పు, చెంచా శొంఠిపొడి, చిటికెడు ఇంగువ కలిపి రెండు నిమిషాలు వేయించి దించేయండి. అల్లం, ఉల్లిగడ్డ వద్దే వద్దు. పల్లీలు ఇష్టమైతే విడిగా పెట్టుకోండి, కలిపితే తొందరగా మక్కు వాసన వస్తుంది.

వేడి మీద డబ్బాలో పోయకండి, మూతకు ఆవిరి పట్టి నీళ్లు కారతాయి. గుడ్డ మీద పరిచి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. తీసేటప్పుడు పొడి చెంచానే వాడాలి. మూడు వారాల్లో అయిపోగొట్టండి.

తినేటప్పుడు టీ గ్లాసు మిక్స్‌ను స్టీలు గిన్నెలో వేసి, రెండు గ్లాసుల మరిగే నీళ్లు పోసి, ఒకసారి కలిపి మూత పెట్టండి. ఎనిమిది నిమిషాలకు ఉప్మా రెడీ. రవ్వను మాత్రం నేరుగా కెటిల్‌లో పోయొద్దు, అడుగంటి కెటిల్ పాడవుతుంది. కిలో రవ్వకు పదిహేను టిఫిన్ల దాకా వస్తాయి. మీ ఊరి కిరాణా ధరతో మీరే లెక్కేసుకోండి.

ఇలాంటి పొడుల వెనక పెద్ద వ్యాపార కథే ఉంది. బెంగళూరు ఎంటీఆర్ హోటల్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేసింది. 1975 ఎమర్జెన్సీ రోజుల్లో హోటల్ నడపడం కష్టమైనప్పుడు మిక్స్‌లు, పొడులు అమ్మడం మొదలుపెట్టింది. ఆ ఆహార వ్యాపారాన్ని 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా కొనుక్కుంది.

మీ మిక్స్ కూడా స్నేహితులకు నచ్చి, డబ్బులిచ్చి తీసుకుంటామంటున్నారా? అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ప్యాకెట్ మీద నమోదు సంఖ్య, పదార్థాలు, బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్నది ఉండాలి. రవ్వ గోధుమ నుంచే వస్తుంది కాబట్టి గ్లూటెన్ ఉందని రాయాలి. యంత్రాలకు పెట్టుబడి కావాలనుకుంటే, చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ పెట్టారు. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో వరంగల్ జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే బ్యాంకుకు వెళ్లండి. ఆలోపు ఐదారుగురు రూమ్మేట్లకు తినిపించి, ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కోండి.